రెండు నలుపులు

చీమకుర్తిలో రాత్రి తొమ్మిదైనా
లారీలు రాళ్లు మోస్తానే ఉంటాయి.
ఒక్కో లారీకి ఒక్కోసారి
మా గ్లాసుల స్టాండు గణగణమంటుంది.
అందులోంచే ఒక స్టీలు గ్లాసు లాగి
కెజియా గచ్చు మీద పెట్టింది.

"బోరునీళ్లొద్దు నాన్నా, ఉప్పు.
క్యాను నీళ్లు పొయ్యి."
కొనుక్కునే నీళ్లు కదా,
అడుగున వేలెడెత్తు, కొలిచి పోశాను.
కొలవడం నా పని.
క్వారీలోంచి లేచిన ప్రతి బ్లాకుకీ
టేపు పట్టి పొడుగు, వెడల్పు, ఎత్తు
రాతి మీద తెల్లరంగుతో
రిజిస్టర్లో నల్లపెన్నుతో
రాసేది నేనే.

ఆదివారం బిర్యానీతో వచ్చిన టిష్యూని
రిబ్బన్లుగా కత్తిరించింది.
కింది అంచుకి కాస్త పైన పెన్సిల్ గీత.
"పెన్సిలెందుకే?"
"నీళ్లకి లొంగదంట. సైన్సు సార్ చెప్పాడు."
గీత మీద స్కెచ్ పెన్నుతో ఒక చుక్క.
చీపురుపుల్లకి మడిచి వేలాడదీసింది,
అంచు తడిసేట్టు, చుక్క మునక్కుండా.

నీళ్లు కాగితంలో ఎక్కాయి
ఒంట్లోకి జొరం ఎక్కినట్టు, చప్పుడు లేకుండా.
చుక్క దగ్గర కాసేపు ఆగాయి.
నలుపు లేచింది.
నీలం అన్నిటికంటే ముందు పరిగెత్తింది,
వంగపండు రంగు నడుమ కూలబడింది,
పసుపు రెండడుగులేసి
ఆయాసపడి ఆగింది.

సలోమి పిండి చేతుల్తోనే వచ్చి వంగి చూసింది.
"ఇన్ని రంగులు కడుపులో పెట్టుకోని
ఇది నల్లగా ఎట్టా ఉందే?"
నాకు గెలాక్సీ రాయి గుర్తొచ్చింది.
పాలిష్ పట్టిందాకా
దాని బంగారు నలుసులు ఎవరికి తెలుసు?
చెబుదామనుకున్నాను.
ఈలోగా, "నీ జేబులోయి కూడా ఇవ్వు నాన్నా."

నా జేబులో రెండు పెన్నులు.
రెండూ నల్లవే.
ఒకటి రాసేది.
రెండోది దేనికని తను అడగలేదు.

సాయంత్రం, బండి కాటాకి పోయేముందు
సూపర్వైజరు "కాస్త చూడవయ్యా" అంటాడు.
అంతకుమించి ఒక్క మాట అనడు.
పగుళ్ల కోత గడిలో
ఒకటి నాలుగవుతుంది.
రాతిలో లేని పగులు
కాగితంలో పడుతుంది.
నెలాఖరున కవరు వస్తుంది.
కెజియా స్కూలు బూట్లు
ఆ పగుల్లోంచి వచ్చినవే.

రాసే పెన్ను చుక్క
నీళ్లు తాకీ తాకకముందే విడిపోయింది.
ఆకుపచ్చ, నారింజ, పేరు తెలియని బూడిద నీలం.
ఏమీ దాచుకోలేదు.

దిద్దే పెన్ను చుక్క దగ్గరికి నీళ్లొచ్చాయి,
తట్టాయి,
పక్కనుంచి పోయాయి.
కాగితం చీపురుపుల్లదాకా తడిసింది.
చుక్క పెట్టిన చోటే ఉంది
నల్లగా, నిబ్బరంగా.
బయట లారీ పోయింది.
గ్లాసులో నీళ్లు వణికాయి.
చుక్క కదల్లేదు.

"భలే గట్టి పెన్ను నాన్నా ఇది!
నీళ్లు పడ్డా చెరగదు.
పరీక్షలకి నాకిస్తావా?"

కంచం దగ్గరికి రమ్మని సలోమి పిలిచింది.
నేను చేతులు కడుక్కోడానికి లేచాను.
చాలాసేపు కడుక్కున్నాను.

తెల్లారి రెండు పెన్నులూ
కిటికీ గూట్లో వదిలేసి
కెజియా పెన్సిలు చెవి వెనక పెట్టుకోని పోయాను.
మొదటి బ్లాకు కొలత రాస్తుంటే
సూపర్వైజరు భుజం మీదుగా చూశాడు.
"పెన్సిలేందయ్యా?"
"నీళ్లకి లొంగదంట సార్."
ఆయన పకపకా నవ్వాడు.
"రబ్బరుకి లొంగుద్దిగా! ఇంకా తేలిక."

నేను టేపు లాగాను.
అవతలి కొస పట్టుకున్న కుర్రాడు
అంకె కోసం నా నోటి వంక చూస్తున్నాడు.
ఇంట్లో ఈపాటికి
వాక్యాల క్యాలెండరు మేకుకి
మూడు రిబ్బన్లూ ఆరిపోయుంటాయి.